పిక్కల లెక్క

కాశీబుగ్గ. పాత జీడి బట్టీ.
మధ్యాహ్నం రెండు దాటింది. కరెంటుంది.
గోడమీద టీవీలో ఒక దేశం కాలుతోంది.
దాని పేరు మాలో ఎవరికీ నోరు తిరగదు.
యాంకరమ్మ అడుగుతోంది:
ఆ జనానికి ప్రజాస్వామ్యం ఇవ్వడానికి
పై దేశపు సైన్యం దిగడం సబబేనా?
అవునంటే ఈ నంబరు, కాదంటే ఆ నంబరు,
మిస్డ్ కాల్ చాలు, పైసా ఖర్చు లేదు.

షెడ్డులో ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు.
ఫోను నా ఒక్కడికే ఉంది.
వాళ్ళవి పొద్దున్నే గేటు దగ్గర పెట్టెలో వేయించి
తాళం పెట్టేది నేనే.
తూకం గుమాస్తాని.

"ఏటి బావూ, మాకు ఓటు నేదా?" అంది లోలాక్షి.
సరదాకి రెండు రేకు డబ్బాలు పెట్టాను,
మనిషికొక పిక్క.

లోలాక్షే ముందు లేచింది.
అవును డబ్బా టంగుమంది.
"నా మొగుడు నా గొంతుమీద కాలేసిన రేతిరి
వీధి వీధంతా తలుపులేసుకుంది.
ఇంటి గొడవంట. మనకెందుకంట.
టేసన్నించి జీపు రాకపోతే
నానీ పీటమీద ఉందునా?
బయటోడే రావాల ఒక్కోపాలి."
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత నలుగురు లేచి అదే డబ్బాలో వేశారు.

తొక్కతీత బల్ల దగ్గర సవర సుక్కమ్మ
నవ్విందో, దగ్గిందో.
"మా కొండకీ ఒచ్చినారు బావూ, నా సిన్నప్పుడు.
రేతిరొచ్చినోళ్ళు మీకోసమే అన్నారు.
పగలొచ్చినోళ్ళు మీకోసమే అన్నారు.
ఇద్దరికీ వండింది మా యమ్మే.
బడిలో తుపాకులెట్టినారు.
రెండేళ్ళు కోడికూత ఇన్నేదు,
కోళ్ళుంటే కదా."
షెడ్డంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.
కాదు డబ్బా దాకా నడవలేక
పిక్క నా చేతికిచ్చింది.

దమయంతి మొగుడు అక్కడే ఉన్నాడు,
ఆ నోరు తిరగని దేశంలో,
సైన్యం క్యాంపులో వెల్డరు.
మూడ్రోజులుగా ఫోను కలవడం లేదు.
సైన్యం ఉంటే భయం.
సైన్యం వెళ్ళిపోతే అప్పు.
ఆమె పిక్క గుప్పిట్లోనే ఉండిపోయింది.
నేను అడగలేదు.

ఎర్రమ్మ మనవరాలికి ఓటు వయసు రాలేదన్నారు.
పిక్క తిరిగిచ్చేసి
మళ్ళీ తట్ట ఎత్తుకుంది.

కుంతమ్మ అసలు లేవలేదు.
కాలు మీట తొక్కుతూనే ఉంది.
ఎంత తొక్కితే పెంకు విడుతుందో
ఎంత తొక్కితే పప్పు చితుకుతుందో
ఆ వెంట్రుకవాసి ఇరవై ఏళ్ళుగా ఆమె మడమకి తెలుసు.
"నాకో సందేహం గుమాస్తా గోరూ.
కత్తెట్టకుండా పెంకు ఇడదు, నిజమే.
ఆళ్ళు ఇంతకుముందు కొట్టిన దేశాల్లో
గుళ్ళెన్ని? బద్దలెన్ని?
మాకు ముక్కలొస్తే సాయంత్రం కూలి కోస్తావు.
ఆళ్ళకి కోసే గుమాస్తా ఎవుడు?"

నేను చిట్టా తిరగేస్తున్నట్టు నటించాను.

తొమ్మిది అవును. పదకొండు కాదు.
రెండో నంబరుకి కొట్టాను. బిజీ.
మళ్ళీ కొట్టాను. ఈలోగా సబ్బు ప్రకటన,
దాని వెనకే ఫలితం:
దేశం మొత్తం మనసు, దశాంశంతో సహా.

తెరమీద ఎప్పటిదో, ఏ దేశానిదో పాత బొమ్మ.
ఒకావిడ ఊదా సిరా వేలు
కెమెరాకి చూపిస్తోంది.
షెడ్డులో చేతులన్నీ ఆగాయి.
తమ వేళ్ళకేసి చూసుకున్నారు,
జీడిరసం తాగి నల్లబడి, ముద్రలు చెరిగిన వేళ్ళు.
పోయిన ఎన్నికల్లో బూతు ఆఫీసరు
కుంతమ్మ వేలు తిప్పి తిప్పి చూసి
"ఇందాకే వేసేసినట్టున్నావే" అన్నాడు.

సాయంత్రం డబ్బాలు బోర్లించాను.
అవునూ కాదూ కలిసిపోయాయి.
యజమాని బస్తాలో పోసి మూతి కట్టాను,
తూకంలో తేడా రాకూడదు.
ఒకటి తగ్గింది.
గేటు దగ్గర దమయంతి ఫోను తీసుకుని
ఎడమచేత్తోనే నంబరు నొక్కుతోంది,
కుడిచెయ్యి ఇంకా మూసే ఉంది.
చిట్టాలో ఆ పిక్కని
తరుగు కింద రాశాను.