నల్లజీడి గుర్తు

కిరాయి రిజిస్టర్ల దీని పేరు: దరోగా కోటు, నంబరు పదకొండు.
ముప్పై ఏండ్లు నాటకాలల్ల
దొంగలను పట్టింది, దొరలకు సలాం కొట్టింది,
హసన్‌పర్తిల ఒకసారి స్టేజి కూలితె
రాజు వేషపాయన మీద పడి ఆయన పన్ను ఊడగొట్టింది.
మా నాయిన పాత బట్టల గౌస్ మియా దగ్గర
పన్నెండు రూపాయలకు కొన్నడట.
బొత్తాలు ఆయన మార్చినవే, సగం ప్లాస్టిక్.

మొన్న చంక కాడ కుట్టు పోతె
మిషన్ మీద తిరగేసి పెట్టిన.
కిటికీల కెల్లి ఎండ అడ్డంగ పడ్డది.
అప్పుడు కనవడ్డది:
ఎడమ చెయ్యి మీద, మోచేతికి పైన,
ఖాకీ వెలిసిపోకుంట మిగిలిన చోటు,
కొంగ రెక్కలిప్పినట్టు ఒక్క గీత.

కమలాపూర్ సుబేదార్ గట్టయ్యను పిలిచిన.
అద్దాలు నుదుటి మీదికి తోసి
భుజం పట్టీల రంధ్రాలను వేలితోని కొలిచిండు.
"ఐదక్షరాల ఇత్తడి బిళ్ల. సర్వీస్ కోర్."
జేబు పైన సూది పోట్లు లెక్కవెట్టిండు,
వాటిల ఇరికిన పోగులను
(ఎరుపు, ముదురు నీలం, చిటికెడు నారింజ)
గోటితోని లేపి "బర్మా" అన్నడు,
పక్క వాడకట్టు పేరు చెప్పినట్టు.
కుడి భుజం మీద బట్ట నున్నగ అరిగిన జాడ చూసి
"ఇది తుపాకి గాదు, తాడు.
ఖచ్చర్‌వాలా. కంచరగాడిదలను తోలినోడు."
ఆయన గొంతు జర దిగింది.
ఆయనది పదాతి దళం.

కని ఒంటి పట్టీ సంగతి ఆయనకు తెల్వలే.
అది నా పని.
పట్టీ రెండుసార్లు కుట్టిండ్రు:
ఒకసారి మిషన్ మీద, అంగుళానికి పది పోట్లు,
ఒకసారి చేతితోని, వంకరగ, మందం దారంతోని.
రెండుసార్లూ ఊడింది.
మొదలు గుంజి పీకిండ్రు, అక్కడ నూలు ఇంకా నొచ్చే ఉన్నది.
రెండోసారి
బ్లేడు మొనతోని ఒక్కొక్క కుట్టు కోసి
పోగుకు గీటు పడకుంట విప్పిండు ఎవడో.
ఇంత ఓపిక పై అధికారికి ఉండదు.
ఇచ్చినదాన్ని వద్దనుకున్నోనికే ఉంటది.
ఎందుకయి ఉంటదని అడిగితె
"లోయల గాడిదను పోగొట్టిండేమొ, తాగిండేమొ" అని
సుబేదార్ సారు చాయ్ ముగించి లేచిండు.

కుడి జేబు మూల విప్పితె
ఒక ఉలవగింజ, రాయి లెక్క.
ఎవరి ఆకలిదో అది చెప్పదు.

కాలరు లోపల సిరా నంబరు ఉతుకులకు కరిగి
నాలుగు ఒకటి ఏడు మిగిలింది,
ముందట ఎన్ని అంకెలుండెనో.
పేరు ఉండాల్సిన చోట చెమట మరక.
దాని కింద, వేలెడు దూరంల,
ఏ సబ్బుకూ లొంగకుంట
నల్లటి అడ్డగీత, రెండు చుక్కలు.

ఇది ఫౌజు రాసింది కాదు.
మట్టెవాడ ఐలవ్వకు తొంభై దాటినయి.
కాలరును కంటికి ఆనించుకొని చూసి
బొటనవేలితోని రుద్ది, నవ్వింది.
"నల్లజీడి, బిడ్డ. చాకలి గుర్తు, ఇంటికొకటి.
గీత కింద చుక్కలు పెట్టెటోళ్లు మా రేవోళ్లు కాదు,
ధర్మసాగరం దిక్కోళ్లు."

అంటే, వచ్చిండు.
రైలు దిగిండు కాజీపేటల,
ఈ కోటును ఇంటి బట్టల మూటల వేసిండు.
పంచెల నడుమ, చీరెల నడుమ
ఏండ్లకేండ్లు బండ మీద దెబ్బలు తిన్నది.
సర్కారు అంకెలు ఒక్కొక్కటే నీళ్లల్ల పోయినయి,
జీడి చుక్కలు పోలే.

నేను ధర్మసాగరం పోయి అడగలే.
ఆ గుర్తు ఎవరింటిదో చెప్పెటోళ్లు
ఉండొచ్చు, ఉండకపోవచ్చు.
బస్సు గంటకొకటి ఉన్నది. చూస్త.
రిజిస్టర్ల "దరోగా" అన్న మాట కొట్టేసిన,
పక్కన ఖాళీ ఉన్నది.

ఆగస్టు పద్నాలుగు, పొద్దుగూకంగ
బడి పంతులమ్మ వచ్చింది,
ఏడో తరగతి పిలగాన్ని తోలుకొని. వానికి సైనికుని వేషం.
కోటు మోకాళ్ల దాక దిగింది, చేతులు రెండు మడతలు మలిచిన.
తగరం కాయితంతోని చేసిన పట్టీలు మూడు తెచ్చుకున్నడు,
ఎడమ చెయ్యి చాపి నిలవడ్డడు.
పిన్నీసు నోట్ల పట్టుకొని
ఆ చెయ్యి వద్దు,
ఇటు తిరుగుమన్న.