చింతపండుతో తోమిన మొఖం

మండీబజార్ల మొయిన్ భాయ్ పాత ఇనుము కొట్టు.
అన్నీ కిలో లెక్కనే తూగుతయి ఆడ.
తరాజుల పడకముందే నేను ఏరుకోవాలె.
బోర్లపడ్డ రేకు కోతి,
చక్రం ఊడిన సర్కస్ సైకిలు మనిషి,
ఒకపాలి టోపీ పెట్టుకున్న నక్క,
చావితోని సహా దొరికింది గదొక్కటే.
"సారుకు మల్ల చిన్నపిల్లగాని బీమారి లేసింది"
అంటడు భాయ్, చాయ్ చెప్తడు.

ఇరవై ఏండ్ల సంది ఇదే.
వారమంతా బ్యాంకుల నోట్లు లెక్కపెట్టిన వేళ్లు
ఆదివారం రేకు అంచులు తడుముతయి.
కుంచెతోని అద్దిన రంగు కాదిది, అచ్చేసిన నవ్వు.
మడత పెట్టకముందే, ఇంకా పలకగ ఉన్నప్పుడే
రేకు నవ్వడం నేర్సుకున్నది.
కొన్నిటి కడుపులకు తొంగి చూస్తె
తెగిన అక్షరాలు కనవడ్తయి,
ఏదో నూనె డబ్బా, ఏదో బిస్కట్ డబ్బా,
బొమ్మ కాకముందు బతికిన బతుకు.

ఓదెమ్మ ఇంట్ల డోలు కొట్టే గుడ్డెలుగు ఉన్నదని
చెప్పింది గూడ భాయే.
మిల్లు మూతవడ్డంక ఆమె కరీమాబాద్ల
ఒక్క అర్రల ఉంటది.
గూట్లె, దేవుని పటాల పక్కన, గుడ్డెలుగు.
దగ్గరికి పోయి చూసిన.
మొఖం లేదు.
కండ్లు లేవు, ముక్కు లేదు, లాగు లేదు.
వీపు మీద మూడు వేళ్ల మందం పసుపు రంగు,
మిగిలిందంతా తెల్లరేకు,
పెండ్లిల పెట్టిన గిన్నె లెక్క తళతళ.
"ఏడాదికొక్కపాలి బతుకమ్మ ముందు
ఇత్తడి సామాన్లతోని కలిపి తోముత బిడ్డా,
చింతపండు, బూడిది."
బాగుందంటనేమోనని నా దిక్కు చూసింది.

నాకు మాట పెగల్లే.
లోపల లెక్క నడుస్తనే ఉన్నది:
రంగు ఉంటె పదివేలు. అట్టపెట్టె గూడ ఉంటె ఇరవై.
ఇప్పుడు, కిలో లెక్క.

"మా మొండయ్య నేత ఖాతాల చేసెటోడు, రాత్రి పాళి.
బోనస్ అచ్చిన నెల కాజీపేట టేషన్ల కొన్నడు.
పిల్లలను ముట్టనియ్యకపోతుండె.
సాంచల కాడ చెవులు పోయినయి గదా,
డోలు సప్పుడు ఇనరాదు ఆయనకు.
తెల్లారి ఇంటికచ్చి చావి తిప్పి
గీ పీట మీద పెట్టి
దాని వీపు మీద వేళ్లు ఆనిచ్చి కూసుంటుండె.
అన్నం సల్లారిపోతుండె."

చావి ఎప్పుడో పోయింది.
నా సంచిల పదకొండు చావీలు.
ఎనిమిది పట్టలే. తొమ్మిదోది తిరిగింది.
లోపల స్ప్రింగు ముసలోని లెక్క దగ్గింది.
ఓదెమ్మ వచ్చి వీపు మీద మూడు వేళ్లు పెట్టింది.
ఒక డోలుకర్ర ఎన్నడో విరిగినట్టున్నది,
ఒక దెబ్బ రేకు మీద, ఒక దెబ్బ గాలిల.
టక్. తర్వాత ఏం లేదు. టక్.
ఆమె మొఖం చూడబుద్ధి కాలే,
గోడకున్న ఎరువుల దుకాణం క్యాలెండర్ చూసుకుంట నిలబడ్డ.
పదహారు దెబ్బలకు ఆగింది.
"ఇట్లనా" అన్నది.
నాతోని కాదు.

అమ్ముతవా అని నేను అడుగలే.
ఆమెనే అడిగింది, చావి ఎంత అని.
కొంగు ముడి ఇప్పి యాభై తీసింది.
తీసుకున్న. బస్సు కిరాయికి సరిపోయినయి.

ఇంటికచ్చినంక గుర్తుకచ్చింది,
తొమ్మిదోది టోపీ నక్క చావి.
అద్దాల బీరువల రెండో అరల ఉంటదది,
మీసాలతోని, పండ్లతోని, గీత గూడ పడకుండ.
సుట్టాలు వస్తె అడుగుతరు, నడుస్తదా అని.
నడుస్తదంట. చేతికియ్య.

ఒక్కోనాడు కరెంటు పోయిన రాత్రి
బీరువ తెరిచి
దాని వీపు మీద వేళ్లు పెట్టి చూస్త.
రేకు. సల్లగ ఉంటది.
జెరసేపు అట్లనే పెట్టి ఉంచుత.