పదిహేడో నంబరు పానా

జహార్ పానా ఇంకా నా దగ్గరే ఉంది.
పదిహేడో నంబరు. పిడికి నీలం టేపు,
టేపు మీద మేకుతో గీసిన రెండు రష్యన్ అక్షరాలు.
"వచ్చే గురువారం ఇద్దువులే రాగ్న్‌ఫ్రిడ్, ఏం మునిగిపోయింది" అన్నాడు.
ఆ గురువారం రాలేదు.

కిర్కెనెస్‌లో మా ఓడల షెడ్డు
ఇన్నేళ్లూ వాళ్ల ట్రాలర్ల తుప్పు తిని బతికింది.
దాచడమెందుకు?
మా అమ్మాయి పళ్లకు కట్టించిన తీగ,
వంటింటికి పెట్టించిన రెండద్దాల కిటికీ,
అన్నీ మూర్మాన్‌స్క్ పడవల అడుగున నేను గీకిన గుల్లలే.
వీధుల పేర్లు రెండు లిపుల్లో రాసుకున్నాం.
బేరం మాత్రం వేళ్లతో ఆడుకున్నాం.

తర్వాత, ఎక్కడో గోధుమలు పండే నేల మీద
బాంబులు పడ్డాయి.
ఇక్కడ మా క్రేను ఆగింది.

తప్పని అనను.
అక్కడ ఇళ్లు కాలుతుంటే
ఇక్కడ ఇంజను బాగుచేసి బిల్లు రాయడానికి
నా చెయ్యీ ఆడలేదు.
జహార్ మేనల్లుడు సైన్యంలో ఉన్నాడు.
ఎక్కడ అని నేనడగలేదు. అతను చెప్పలేదు.
ఆ సాయంత్రం టీలో చక్కెర ఎక్కువైంది, అంతే.

ఓస్లో నుంచి ఒక కుర్రాడొచ్చాడు, మెత్తటి బూట్లతో.
"చేపల పడవ అడుగున చెవి ఉండొచ్చు,
మన సముద్రపు తీగలు వింటూ ఉండొచ్చు.
మీకెప్పుడైనా కనబడిందా?"
లేదన్నాను.
వెతకలేదని మాత్రం అనలేదు.

పానా పంపిద్దామని సరిహద్దు కచేరీకి వెళ్లాను.
ఫారం ఇచ్చారు, నాలుగు పేజీలు.
ఏడో ప్రశ్న: ఈ వస్తువు
సైనిక అవసరాలకు పనికొస్తుందా?
కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
బోల్టుకి ఏం తెలుసు, తనను ఏ దేశం బిగిస్తోందో.

కాడ్ చేప ఒక్కటే ఇంకా మాట వింటుంది, రెండు వైపులదీ.
మా తీరంలో గుడ్లు పెడుతుంది,
వాళ్ల చలినీళ్లలో పెరిగి పెద్దదవుతుంది.
అందుకని ఏటా ఒకసారి
పలకరింపులు మానేసిన రెండు రాజ్యాలు
తెరల మీద ముఖాలు పెట్టుకుని
నీకెన్ని టన్నులు, నాకెన్ని టన్నులని పంచుకుంటాయి.
విడిపోయిన అన్నదమ్ములు
ఉమ్మడి బావి దగ్గర మాత్రం వంతులు తప్పనట్టు.
వచ్చే ఏడు సంగతి
చేపకీ తెలియదు.

షెడ్డు సగం ఖాళీ. వెల్డర్ యోస్టీన్ దక్షిణానికెళ్లిపోయాడు.
నిన్న ఒక బూడిదరంగు పడవ లోపలికొచ్చింది.
మా నౌకాదళానిది. ముక్కు మీద కొత్త రాడారు,
దాని కింద వదులైన ప్లేటు.
డబ్బు ప్రభుత్వానిది, ఆలస్యం కాదు.
ఇక అన్నీ ఇలాంటివే వస్తాయట.

నిచ్చెనెక్కి చూశాను.
పదిహేడో నంబరు బోల్టు.
పెట్టంతా తిరగేశాను. నాది ఎప్పుడో పోయింది,
అందుకే కదా అరువు తెచ్చుకున్నది.

నీలం టేపు చేతికి చల్లగా తగిలింది.
మూడు చుట్లు, ఇంకో అర చుట్టు.
గట్టిగానే బిగించాను, జహార్,
నువ్వు నేర్పినట్టే.