కొసరు

గాయాలు చెయ్యడం నా ఉద్యోగం.
ఎన్సెనాడా రేవు వెనక, రేకుల షెడ్డులో,
కిటికీ మీద పొగమంచు ఇంకా ఆరకముందే
కొత్త గిటారొకటి నా బల్ల మీదికొస్తుంది,
వార్నిష్ వాసన వదలని ఒంటితో.
సాయంత్రానికి దానికి ముప్ఫై ఏళ్ళు నిండాలి.

గోడ మీద పటం.
వెర్న్ టాలిసన్ గారి అసలు గిటారు, ముందూ వెనకా,
నలభై మూడు దెబ్బలు, ఒక్కోదానికి ఒక నంబరు.
ఒకటి: మోచెయ్యి రాసుకుని రాసుకుని రంగు పోయిన చోటు.
ఆయనకు ముప్ఫై ఏళ్ళు పట్టింది,
నాకు నలభై నిమిషాలు.
తొమ్మిది: బెల్టు బకిల్ గీతలు.
దానికి మా నాన్న పాత బెల్టు వాడతాను.
ఇరవై రెండు: తల మీద సిగరెట్టు మచ్చ.
నేను సిగరెట్టు తాగను. సోల్డరింగ్ కడ్డీతో కాలుస్తాను,
స్కేలు పెట్టి, ఊపిరి బిగబట్టి.
ముప్ఫై ఒకటి: చెమటకు తుప్పు పట్టిన మరలు.
రాత్రంతా వెనిగర్‌లో నానేస్తాను.

సంతకం ఆఖర్న.
నీళ్ళలో వేస్తే పొరలా ఊడొస్తుంది,
వేలితో జరిపి అతికించాలి.

సంతకం లేకుండా ఎనిమిది వందల డాలర్లు.
సంతకంతో రెండు వేలు.
సంతకమూ గాయాలూ కలిస్తే ఏడు వేల నాలుగొందలు.
ఇది ప్యాకింగులో ఉండే హసింతో చెప్పాడు,
ఉల్లిపాయల ధర చెప్పినంత మామూలుగా.
వేళ్ళ మీద లెక్క వేశాను:
గాయానికి నూట పాతిక, ఆపైన చిల్లర.
అందులో నా పాలెంతో
అతను చెప్పలేదు, నేను అడగలేదు.

కిందటేడు ఆయనే వచ్చాడు.
సన్నగా, చెవిలో వినికిడి మిషనుతో.
రెండు గిటార్లు పక్కపక్కన పెడితే
తనది కానిదాన్ని ఎత్తుకున్నాడు.
మేనేజరు చప్పట్లు కొట్టాడు.
పదిహేడో నంబరు మీద వేలాపి
ఇదేమిటన్నాడు.
బార్లో కొట్లాట, సీసా విసిరారు,
కేటలాగులో ఉందండీ, అన్నాం.
కాదమ్మా, అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.
కారు తలుపు. వాన. తాళాలు వెతుక్కుంటున్నాను.
అంతలోనే నవ్వి,
కొట్లాటే ఉంచండి, అదే బాగుంది, అన్నాడు.

అప్పట్నుంచి పదిహేడు దగ్గరికొస్తే
నాకు వాన గుర్తొస్తుంది.
ధర మాత్రం అంతే.

ఎనభై ఎనిమిదో గిటారు మీద తప్పు చేశాను.
రెండ్రోజులుగా జాడలేని తమ్ముడి పడవ
రేవుకొచ్చిందని ఫోను.
లేచిన విసురుకి నా ఉంగరం
కింది అంచున జర్రున గీసుకుపోయింది.
గోరంత.
పటంలో లేని నలభై నాలుగోది.
ఎవరూ చూడలేదు, నేనూ చెప్పలేదు.
చేపలమ్మే రెఫూహియో
తూకం అయ్యాక ఒక రొయ్య పైన వేస్తుంది చూడండి,
అలా కొసరు వేశాననుకున్నాను.

మూడు నెలలకు ఒసాకా నుంచి తిరిగొచ్చింది.
కొన్నాయన భూతద్దం పెట్టి చూశాడట.
'నలభై మూడూ సరిగ్గా ఉన్నాయి,
ఈ ఒక్క గీతే అసలుది కాదు' అని ఉత్తరం.
మేనేజరు గట్టిగా చదువుతుంటే
నాకు నవ్వొచ్చి, దగ్గినట్టు నటించాను.

సంతకం గీకేశారు.
వెనక సెకండ్స్ అని ముద్ర కొట్టి
పనివాళ్ళకే అమ్మకానికి పెట్టారు: నూట తొంభై.
ఆరు వాయిదాల మీద నేనే తీసుకున్నాను.

తమ్ముడు వాయిస్తాడు. వాయించడం రాదు వాడికి.
వల సర్దిన చేతులు తుడుచుకోకుండానే పట్టుకుంటాడు,
నాలుగు తీగల తర్వాత ఏ పాటైనా ఒక్కలాగే ఉంటుంది.
మరలు వాటంతటవే తుప్పు పడుతున్నాయి,
వెనిగర్ లేకుండా.

మొన్న పక్కింటి నికానోర్ చేతిలోకి తీసుకుని
అటూ ఇటూ తిప్పి చూసి,
ఎంత పడిందన్నాడు.
చెప్పాను.
ఇన్ని దెబ్బలున్నదానికా?
మోసపోయావమ్మా,
ఇంకాస్త బేరమాడాల్సింది, అన్నాడు.