నాలుగు నిమిషాల గంట

సెక్యూరిటీ కుర్రాడు అన్నాడు:
"చేతులు చాపి, కదలకుండా నిలబడండి మేడమ్."
వెనక వరసలో డెస్మండ్ పకపకా నవ్వాడు.
అదేగా నాయనా,
ఆ ఒక్కటీ అడుగుదామనే
ఇంత దూరం వచ్చాం.

కాన్‌బెర్రా. ఆగస్టు చలి.
నెత్తిన పచ్చిక మోసుకుని
కొండలోకి ఒదిగి కూర్చున్న పార్లమెంటు.
మేం పదకొండు మందిమి, ఒకే బస్సు.
ముప్ఫై ఏళ్లు వట్టి చేతుల్తో
కలుపుమందు కలిపిన డెస్మండ్,
పెళ్లి కేకుల మీద చక్కెర గులాబీలు పూయించిన నజీబా
(ఇప్పుడు ఆవిడకి టీ సగం కప్పే పోస్తారు),
నేను.

మెల్‌బోర్న్‌లో ట్రామ్ నడిపాను నేను.
ఎనభై ఆరో నంబరు, పంతొమ్మిదేళ్లు.
ఓ రోజు ఇంట్లో పోపు మాడి బొగ్గయింది.
పక్క ఫ్లాటు వాళ్లొచ్చి తలుపు బాదితే గానీ
నాకు తెలీలేదు.
అప్పటికింకా చెయ్యి వణకలేదు, ఆరేళ్లుంది దానికి.
ముక్కు ముందే రాజీనామా ఇచ్చింది,
ఆ కాగితం ఎవరూ చదవలేదు.

ఎందుకు చదవలేకపోయారో
ఎవరైనా కూర్చుని వెతకాలి కదా.
వెతకడానికి గది కావాలి, మనిషి కావాలి,
ఆ మనిషికి నెల తిరిగేసరికి జీతం కావాలి.
ఇంతే నేను చెప్పాల్సింది. పదిహేను నిమిషాలిచ్చారు.

పదకొండుకి భేటీ అని
లెక్కగట్టి పదింటికి మాత్ర మింగాను.
మాత్రకి టైమ్‌టేబుల్ ఉంటుంది.
ఎంపీలకి ఉండదు.
పన్నెండున్నరకి లోపలికి పిలిచేసరికి
పాదాల్లో సీసం పోసినట్టుంది.
నవ్వాననే అనుకున్నాను.
ఆవిడ చూపు చూస్తే తెలిసింది,
నవ్వు లోపలే ఉండిపోయింది,
ముఖం దాకా రాలేదు.

"నాకు పోపు వాసన..." అన్నానో లేదో
గంట మోగింది.
గోడ మీద పచ్చలైటు కొట్టుకుంటోంది.
ఓటింగట. నాలుగు నిమిషాల్లో తలుపులు మూసేస్తారట.
"మన్నించాలి, మన్నించాలి" అంటూ
ఆవిడ మడమల చప్పుడు వరండాలో చిన్నదైపోయింది.

గంటల సంగతి నాకు తెలుసు.
ఒకప్పుడు నా కాలి కింద ఉండేది గంట.
తొక్కితే లారీలు తప్పుకునేవి,
సైకిళ్లు, తాగుబోతులు, కౌన్సిలర్ కారు,
అందరూ తప్పుకునేవాళ్లు.

గదిలో సహాయకుడు మిగిలాడు. పాతికేళ్లుండవు.
పేరు క్యాలమ్ అన్నాడు.
నాకు కాలం అని వినిపించింది.
సరే, నా దగ్గర లేనిదీ అదే,
ఎదురుగా కూర్చుందీ అదే.
రాసుకొచ్చిన కాగితం అతని చేతికిచ్చాను.

బఠాణీ గింజలంత మొదలయిన అక్షరాలు
రెండో పేరాకి ఆవాలు,
చివరికి గసగసాలు.
అడిగిన మొత్తం ఆఖరి వరసలో ఉంది.
కిటికీ దగ్గరికెళ్లి, కళ్లు చికిలించి,
"ఇది ఎంతండీ?" అన్నాడు.
చెప్పాను.
అక్షరం జబ్బుది బాబూ,
అడిగింది చిన్నమొత్తం కాదు.
తన పుస్తకంలో పెద్ద పెద్ద అంకెలేసి
చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు.

గుమ్మం దగ్గర పాదం అతుక్కుపోయింది.
చెయ్యి పట్టి లాగబోయాడు. వద్దన్నాను.
పట్టాలుంటే పోతాను,
లేదంటే ఓ గీత కావాలి,
దాటడానికి ఏదో ఒకటి.
ఈ దొరల తివాచీ మీద ఒక్క గీతా లేదు.
క్షణం ఆలోచించి
మెడలో బ్యాడ్జీ తాడు తీసి
నా కాళ్ల ముందు అడ్డంగా పరిచాడు.
దాటాను.

అక్టోబరులో ఉత్తరం వచ్చింది.
మీ అభిప్రాయం గమనించాం, పరిశీలనలో ఉంది,
కింద అచ్చు సంతకం.
డెస్మండ్ ఫోన్ చేసి పొయ్యిలో పడెయ్యమన్నాడు.
నేను మాత్రం దాని వెనకే జవాబు మొదలుపెట్టాను.
ఒక సంగతి మంచికే అయింది.
అక్షరాలు చిన్నవవుతున్నకొద్దీ
ఒక్క కాగితంలోనే
బోలెడు పడుతోంది.