నకలు

బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక గురువారం రాత్రి
నేను నిద్రపోతుండగా
పదకొండు ఇళ్ల వేడినీళ్లను
ఒక్క వాక్యం మింగేసింది.
ఆ వాక్యం నాది.

కౌన్సిల్ ఇళ్ల మరమ్మతుల ఆఫీసు, మూడో అంతస్తు.
ఫిర్యాదుల జాబితాను ఇప్పుడు ఏజెంటు చూస్తుంది.
దాని చేతిలో ఏ పనిముట్టు ఎందుకుందో
రాసిపెట్టే ఉద్యోగం నాది.
ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు,
సుత్తి పిడికి చీటీ అంటించినట్టు.

"నకలు టికెట్లను మూసేస్తుంది" అని రాశాను.
పొట్టిగా కుదిరిందని
మురిసిపోయాను కూడా.

ఆ రాత్రి హెయిన్స్‌వర్త్ కోర్టులో
బాయిలర్ల గొట్టాలు మంచుకి గడ్డకట్టాయి.
పన్నెండు ఫ్లాట్లు, పన్నెండు బాయిలర్లు, పన్నెండు ఫిర్యాదులు:
వేడినీళ్లు లేవు,
వేడినీళ్లు లేవు,
పసిదానికి స్నానం చేయించాలి, వేడినీళ్లు లేవు.
ఏజెంటు చదివింది. ఒకే భవనం, ఒకే మాట.
ఒకటి ఉంచి పదకొండు మూసింది.
పొద్దున ప్లంబరు వచ్చి
నాలుగో నంబరు గొట్టం మీద గోరువెచ్చని నీళ్లు పోసి
సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.
జాబితా శుభ్రంగా ఉంది.
అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

డెనీజ్ హార్డ్‌కాసిల్ ఇరవై ఆరేళ్లు ఆ ఫోను ఎత్తిన మనిషి.
"రాసింది పైకి చదువు" అంది.
చదివాను.
"మూసేస్తుంది, సరే. ఎవరిది? ఎవర్నడిగి?"

నా భాషలో కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది.
"రమ్మన్నారు" అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.
"చూద్దాం" అంటే కాదని,
"వెళ్లొస్తా" అంటే వెళ్తున్నానని.
మాటలో సగం నా నోట్లో,
సగం ఎదుటివాళ్ల బుర్రలో దాచుకుని పెరిగాను.
ఏజెంటు దగ్గర ఆ రెండో సగం లేదు.
మొహమాటం లేదు, మొండితనమూ లేదు.
ఇచ్చిన మాటని ఇచ్చినట్టే
రెండు చేతులా పట్టుకుపోతుంది.
దాన్ని తిట్టుకోవాలని చూశాను గానీ
నోరు రాలేదు.

సోమవారం కూర్చుని మళ్లీ రాశాను:
"ఒకే ఫ్లాటు నుంచి ఒకే లోపం రెండుసార్లు వస్తేనే నకలు.
పక్కింటి బాధ అచ్చు ఇవే మాటల్లో వచ్చినా
అది నకలు కాదు.
ఫ్లాటు నంబరు లేకపోతే మూయకు, అడుగు.
మూయడం బాగుచేయడం కాదు.
మూసిన టికెట్టు ఇక మనుషుల కంట పడదు."

డెనీజ్ 'బాధ' దగ్గర వేలు పెట్టింది.
"లోపం అను చాలు. ప్లంబరు దానికే వస్తాడు."
అక్కడ మార్చాను.
ఇక్కడ ఉంచుకుంటున్నాను.

మళ్లీ బుధవారం మంచు కురిసింది.
పొద్దున్నే కోటు కూడా విప్పకుండా లాగ్ తెరిచాను.
ఫ్లాట్ మూడు, ఫ్లాట్ ఏడు: వేర్వేరు, తెరిచే ఉంచాను.
ఫ్లాట్ పన్నెండు, మళ్లీ పన్నెండు: నకలు, రెండోది మూశాను.
నంబరు లేని ఫిర్యాదు ఒకటి:
"మీది ఏ ఫ్లాటు?" అని అడిగింది.
జవాబొచ్చింది: "నేనేనమ్మా, మెట్ల పక్కన."
మళ్లీ అడిగింది, మర్యాదగానే.
"అదే, ఎప్పుడూ ఉండేదే" అని జవాబు.
అక్కడితో ఆగి, మూయకుండా,
మనిషి చూడాలని గుర్తు పెట్టి
పక్కన ఉంచింది.

డెనీజ్ తెర వైపు వంగి, చదివి, నవ్వింది.
"మిసెస్ ఓర్మరోడ్. తొమ్మిది."

ఎలా తెలిసిందని అడిగాను.
ఎలా ఏంటి, మెట్ల పక్కన, అంది,
ఫోను అందుకుంటూ.

కర్సరు వెలుగుతూ ఆరుతూ ఉంది.
దీన్ని ఏ పనిముట్టు కింద రాయాలో
నాకింకా తోచలేదు.