కొత్త గడి

ఛత్రపురం ఆసుపత్రిలో మూడో నంబరు కిటికీ నాది.
పేరు, ఊరు, వయసు, ఏం బాధ.
పద్నాలుగేళ్ళుగా ఇవే నాలుగు గడులు.
ఒడియాలో అడిగితే ఒడియాలో రాస్తాను,
తెలుగులో అడిగినా ఒడియాలోనే రాస్తాను.

ఈ ఫాల్గుణంలో ఐదో గడి వచ్చింది.
పొగ: అవును, కాదు.
రెండు చిన్న పెట్టెలు, ఒక టిక్కు.
జలుబుకొచ్చినా సరే, ప్రతి మనిషినీ అడగాలని
సూపరింటెండెంటు గారి కాగితం.

ఆర్యపల్లి రేవు ఆడాళ్ళు
గంపలు గేటు బయట బోర్లించి
చేపనీళ్ళ కుచ్చెళ్ళు పిండుకుని వరసలో నిలబడతారు.
అడిగాను.
"ఏ పొగమ్మా? పొయ్యి పొగా, ఇంజిను బోటు పొగా?"
వరస వరసంతా నవ్వింది.
సూరాడ గురువులమ్మ మాత్రం నవ్వలేదు.
బొడ్డు సంచిలోంచి సగం కాలిన చుట్ట తీసి
కిటికీ చువ్వల మధ్య పెట్టింది,
నేనేదో రశీదు అడిగినట్టు.

అడ్డసుట్ట. నిప్పు లోపలికి.
"సముద్రం గాలికి బయటెడితే ఆరిపోద్ది గదా."
వల లాగే వేళ రెండు చేతులూ ఖాళీ ఉండవు,
పెదాలు మూస్తే నిప్పు బతుకుతుంది.
వాళ్ళమ్మ నోట్లోనూ అంతే, అమ్మమ్మ నోట్లోనూ.
"ఇన్నాళ్ళు నిప్పుకి మండని నోరు
పచ్చిమిరపకాయకి మండతాందేటమ్మా?"

అవును పెట్టెలో టిక్కు పెట్టాను.
టిక్కు ఎవరికీ ఏమీ చెప్పదు.

గోడ మీద నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మ ఉంది.
కింద గుండ్రటి ఒడియా అక్షరాలు,
వరసలో సగం మందికి అవి గవ్వలు.
ఆ గోడ వెనకే మా వార్డుబాయి శరత్ బీడీ.
గేటు ముందరి పాన్ డబ్బాని వంద అడుగులు జరిపించారు,
కొనేవాళ్ళు వంద అడుగులు నడుస్తున్నారు.
నడక మంచిదేనట.

పళ్ళ డాక్టరమ్మ స్వాగతిక కొత్త. తెలుగు రాదు.
ఆ రోజు కుర్చీ వదిలి వరసలోకే వచ్చింది,
చెంచాడంత అద్దం ఒకటి, నర్సుల గదిలోంచి
బొట్టు పెట్టుకునే అద్దం ఇంకొకటి.
"ఆ" అనమంది.
"ఆ"కి నా అనువాదం అక్కర్లేదు.

అరవై ఏళ్ళు అన్నం పెట్టిన నోటి పైకప్పుని
గురువులమ్మ మొదటిసారి చూసుకుంది.
చాలాసేపు చూసింది.
"ఒలమ్మ, ఇది మా ఒడ్డే!"
తెల్లటి ఇసక, ఇసకలో ఎర్రెర్రగా సన్నటి కన్నాలు.
"పీతలు తవ్వినట్టుంది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. చెప్పాను.
అద్దం పట్టిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.
ఒడియాలో ఆ రోగం పేరు కర్కటం.
కర్కటమంటే పీతే.
ఆ మాట నేను ఇటు మోయలేదు.
"ఇంకా పీత రాలేదు, కన్నాలే అని చెప్పు.
నిప్పు ఆపితే పూడతాయేమో చూద్దాం.
నెలకోసారి నేనూ చూస్తాను, తననీ చూసుకోమను."
ఇది మోశాను.
గురువులమ్మ నోరు మూసుకుని,
చువ్వల మధ్య చుట్ట తిరిగి తీసుకుని వెళ్ళిపోయింది.

పై సోమవారం మళ్ళీ వరసలో ఉంది. వెనక ఆరుగురు.
"ఏం బాధ?"
"నాకేటి బాధ? అద్దం కోసం."
"వీళ్ళకి?"
"ఈళ్ళకీ అద్దమే."

పద్నాలుగేళ్ళలో బాధ లేని మనిషికి చీటీ రాయడం
అదే మొదలు. కలం కొంచెం తడబడింది.
నాలుగో గడిలో అద్దం అని రాశాను,
తెలుగులో.

ఐదో గడి దగ్గర ఆగాను.
"రోజుకి అయిదు కాల్సేదాన్ని. ఇప్పుడు రెండు."
నేను చూస్తూనే ఉన్నాను.
"ఒక్కో రోజు మూడు. వల బరువైన రోజు."

అవునుకీ కాదుకీ మధ్య
వెంట్రుకవాసి సందుంది.
అక్షరాలు చిన్నవి చేసుకుని
అక్కడ రాశాను:
రెండు. వల బరువైతే మూడు.